నూరు గుర్రాలు, నలభై స్పీడు

నాకు స్పీడంటే భయం. ముల్లు ఎనభై దాటిందంటే అరచేతుల్లో చెమట. తొంభైకి వచ్చేసరికి అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కులు మొదలవుతాయి. ఇలాంటివాడికి కారు కొనుక్కునే యోగం పడితే ఏ వ్యాగన్ ఆరో కొనుక్కుని బుద్ధిగా తిరగాలి. నేను మాత్రం కొంటే హాట్ హ్యాచే కొంటానని మొండికేసి కూర్చున్నాను.

హాట్ హ్యాచ్ అంటే, చూడ్డానికి అమ్మని రైతుబజారుకి దింపే కారులాగే ఉంటుంది. వెనక డిక్కీ, కూరల సంచికి చోటు, అన్నీ మామూలే. యాక్సిలరేటర్ మీద కాలు పడితే మాత్రం వీపు సీటుకి అతుక్కుపోతుంది. మన భాషలో చెప్పాలంటే పికప్ ఉన్న బుల్లికారు. 1976లో ఫోక్స్‌వాగన్ వాళ్ళ గోల్ఫ్ జీటీఐతో లోకానికి ఈ పిచ్చి బాగా పట్టింది. ఆ గోల్ఫ్ జీటీఐ మన దేశంలో అమ్మకానికి వచ్చేసరికి 2025 అయింది, ధర యాభై లక్షలు దాటింది. నా వయసు ఇరవై నాలుగు. ఉద్యోగం పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్. దాచుకున్నది మూడున్నర లక్షలు. ఆ డబ్బుకి గోల్ఫ్ చక్రాలూ అద్దాలూ తెచ్చుకుని గోడకి తగిలించుకోవచ్చు.

కాబట్టి సెకండ్ హ్యాండే. ఆ మాట ఇంట్లో అన్న రాత్రే మా ఇల్లు అసెంబ్లీ అయిపోయింది.

మా నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఏ వస్తువు కొన్నా ముందు దాని మీద ఒక లెక్క వేసి, లెక్క తేలాక వద్దంటారు. అమ్మ పూర్తిగా విన్నాక ఒకే ఒక ప్రశ్న అడుగుతుంది, దానికి మన దగ్గర జవాబుండదు. మామ్మకి ఎనభై దాటాయి, ప్రశ్నలకి లెక్కే లేదు. విజయనగరంలో ఉన్న మా అప్ప, అంటే అక్క, ఫోన్లో ఓటేస్తుంది. బావ కారు పిచ్చిలో నాకు గురువు. అప్ప వినే దూరంలో ఉన్నంతసేపు మాత్రం ఆయన వ్యాగన్ ఆర్ పార్టీ.

మన దేశంలో ఈ జాతి కార్లు ఎందుకు ఇంత తక్కువో ఆ రాత్రి భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చాను. 2006 బడ్జెట్లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అనిపించుకోవాలంటే పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 లోపు ఉండాలి. ఇక కంపెనీలన్నీ ఆ గీతలోపలే ఇంజన్లు కుదించడం మొదలుపెట్టాయి. అంతకుముందు 2001లో ఫియట్ పాలియో 1.6 దర్జాగా నూరు గుర్రాలతో వచ్చింది. 2005లో వచ్చిన మొదటి స్విఫ్టులో 1.3 పెట్రోలు ఇంజను ఉండేది, 87 గుర్రాలు. 2010లో దాని స్థానంలో 1.2 పెట్టేశారు.

మామ్మ మజ్జిగన్నం కలుపుతూ అడిగింది. "నాలుగు మీటర్లంటే ఎన్ని మూరలురా?"

నాన్నగారు నోటిలెక్క వేశారు. "తొమ్మిదికి కొంచెం తక్కువ."

"అయితే నా చీర కంటే పొట్టిదన్నమాట. దానికి మూడు లచ్చలేటి?"

అమ్మ అడిగిన ప్రశ్న వేరు. "పికప్పూ పికప్పూ అంటున్నావు, నువ్వు బండి మీద నలభై దాటడం నేనెప్పుడూ చూళ్ళేదు. నీకెందుకురా?" ముందే చెప్పానుగా, జవాబుండదని.

ముందు పాలియో చూశాను. నేను పాలు తాగే వయసులో సచిన్ టెండూల్కర్ ప్రకటనలు చేసిన కారది. ఆయన పేరు మీద ఎస్10 అని ప్రత్యేకంగా ఒక రకం కూడా తీశారు. విజయనగరంలో ఒక షెడ్డులో ఎర్ర పాలియో ఉందని బావ కబురు చేస్తే షిఫ్టు దిగి అట్నుంచి అటే వెళ్ళాను. బానెట్ ఎత్తితే ఆ ఇంజను ఇనుములాగే ఉంది, ఈ కాలం కార్లలా ప్లాస్టిక్ మూతల కింద దాక్కోలేదు. తలుపు వేస్తే వచ్చే ఆ 'దబ్' శబ్దం కోసం మూడుసార్లు తీసి వేశాను. షెడ్డు మేస్త్రి బీడీ పక్కన పెట్టి చెప్పాడు. "బండి బంగారం బాబూ. సామాన్లే దొరకవు. దీనికి అద్దం కావాలంటే ఇంకో పాలియో సచ్చిపోవాల." బావ నా భుజం మీద చెయ్యేసి ఓదారుస్తూ బయటికి తీసుకొచ్చాడు. ఆయన కళ్ళే తడిగా ఉన్నాయి.

పాలియోతో ఇంకో చిక్కుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మన దగ్గర సీసీని బట్టి. 2022లో ఖరారైన రేట్లలో వెయ్యి సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, 1500 వరకు 3,416, ఆ పైన ఒక్కసారిగా 7,897. పాలియో 1.6 కదా, ఆ పై మెట్టు మీద కూర్చుంటుంది. నాన్నగారు ఈ పట్టిక చూసి చాలా సంతోషించారు, ఒక లెక్క దొరికినందుకు. నేను సంతోషించింది ఇంకోదానికి. ఇంగ్లండులో కార్లని ఒకటి నుంచి యాభై దాకా ఇన్సూరెన్సు గ్రూపులుగా విడదీస్తారు. పైగా నడిపేవాడి వయసు చూస్తారు. అక్కడ ఇరవై ఏళ్ళ కుర్రాడు హాట్ హ్యాచ్ పేరెత్తితే, కారు ధరకీ ప్రీమియానికీ తేడా చూసుకోవడానికి కళ్ళజోడు కావాలి. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం లెక్కలో నా వయసు లేదు. మామ్మ పేరున కొన్నా అంతే, నా పేరున కొన్నా అంతే. కుర్రాళ్ళ మీద ప్రభుత్వానికి ఇంత నమ్మకం ఉందని ఇంట్లో గట్టిగా చెప్పాను. అది నమ్మకం కాదు, పట్టిక అన్నారు నాన్నగారు.

ఆ పట్టికలో ఒక ముత్యం కూడా ఉంది. బాలెనో ఆర్ఎస్, 2017లో వచ్చింది. ఇంజను 998 సీసీయే కానీ టర్బో ఉంది, 102 గుర్రాలు. అంటే వ్యాగన్ ఆర్ ప్రీమియంతో పాలియో పరుగు. 2020లో తీసేశారు. ఉన్నవాళ్ళు అమ్మరు, అమ్మేవాళ్ళు నా మూడున్నర లక్షలు విని ఫోన్ పెట్టేస్తారు. అబార్త్ పుంటో సంగతి ఎత్తను. 2015 అక్టోబరులో వచ్చిన 145 గుర్రాల కారది. మా కాలనీ కుర్రాళ్ళు సొంత ఖర్చుతో కట్టిన స్పీడ్ బ్రేకర్ మీద దాని పొట్ట ఆనితే దింపడానికి క్రేను కావాలి. 2016లో పోలో జీటీఐ అని 99 కార్లు మాత్రమే మన దేశానికి కేటాయించారు, పాతిక లక్షల పైమాట, అదీ మూడు తలుపులతో. దాని బొమ్మ మామ్మకి చూపించాను, ఊరికే, అందానికి.

"మూడు తలుపులేటిరా బావు? ముందు సీటు వొంచితే నేను వెనక్కి దూరీదా? ఈ మోకాళ్ళతోటా?"

వెనకది తలుపు కాదు, డిక్కీ అని చెబితే, అయితే రెండేనా అంది.

బరంపురం బండి ఒకటి బాగా చవగ్గా వచ్చింది, ఓడీ 07 నంబరు. ఆ ఊళ్ళో సగం మంది మనవాళ్ళే కాబట్టి బేరం తెలుగులోనే జరిగింది. కానీ రాష్ట్రం మారితే అక్కడ ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. ఆ రెండూ కలిపితే చవక కాస్తా ఇచ్ఛాపురం దాటకుండానే ఆవిరైపోయింది. ఢిల్లీ నంబరు డీజిలు కార్లు ఇంకా చవక. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండిని రోడ్డెక్కనివ్వమని కోర్టులు అన్నాక అవన్నీ దేశం మీద పడ్డాయి. దూరపు కొండలు అని వదిలేశాం. మా నాన్నగారికి అసలు మా జిల్లా నంబరు ఏపీ 30 తప్ప వేరేది నచ్చదు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే చేసేశాక, కారు ఎవరి ఊరిదో నంబరు చూసి చెప్పే తన విద్య వృథా అయిపోయిందని ఇప్పటికీ బాధపడతారు. ఆ ఏపీ 30 మీద మోజుతోనే పాత స్విఫ్ట్ 1.3 ఒకటి చూడ్డానికి ఒప్పుకున్నారు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. అది భరించవచ్చు. బండి కింద వంగి చూస్తే మాత్రం సముద్రపు గాలి తినేసిన చోట టింకరింగ్ మేస్త్రి పుట్టీ పెట్టి రంగేశాడు. నాన్నగారు వేలితో మీటితే ఆ ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని పారేయకుండా ఓనరు చేతికే ఇచ్చి, నమస్కారం పెట్టి వచ్చేశాం.

ఇక పోలో జీటీ టీఎస్ఐ. నా గుండెలో దీని పేరే ఉంది. 2013లో వచ్చింది. 1.2 టర్బో, 105 గుర్రాలు, ఏడు గేర్ల ఆటోమేటిక్. ఆ వెనక 'జీటీ' అని ఉంటుంది చూడండి, సగం డబ్బు దానికే ఇచ్చేసేవాణ్ణి. విశాఖలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డులో ఉంది. నీలం రంగు. అమ్మేవాడు అన్ని యార్డుల్లోనూ చెప్పే మాటే చెప్పాడు: డాక్టరు గారి బండి, సింగిల్ హ్యాండ్, ఆదివారం తప్ప తియ్యరు. ఈ దేశంలో సెకండ్ హ్యాండ్ కార్లన్నీ డాక్టర్లవే అయితే, ఆస్పత్రులకి ఆ డాక్టర్లంతా ఎలా వెళ్తున్నారో తెలియదు.

నాన్నగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టారు.

"ఏ సంవత్సరం బండి?"

"పదమూడు సార్."

"2014 అక్టోబరు పన్నెండున ఈ కారు ఎక్కడుంది?"

వాడికి అర్థం కాలేదు. నాకయింది. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డ రోజు అది. మా నాన్నగారు విశాఖ కారైతే హుద్‌హుద్, పలాస కారైతే 2018 తిత్లీ అడుగుతారు. కారు సాక్ష్యం చెప్పి తీరాలి.

"ఇంట్లోనే ఉండుంటుంది సార్, షెడ్డులో."

నాన్నగారు వెనక సీటులో కూర్చుని సీటు బెల్టు పట్టుకుని లాగారు. మనం ఎంత లాగుతాం, వొంటికి చాలినంత. ఆయన ఆగలేదు. బెల్టు మొదలు కనిపించేదాకా లాగారు. పైనంతా నల్లగా నిగనిగలాడుతోంది. చివరి మూరెడు మాత్రం బూడిదరంగు. గోటితో గీరితే సన్నని మట్టి రాలింది. కార్పెట్టూ సీట్లూ ఎన్నిసార్లు కడిగినా, చుట్టుకుని లోపల దాక్కున్న ఆ మూరెడు బెల్టుని ఎవరూ కడగరు.

"టీ పడింది సార్," అన్నాడు యార్డువాడు.

"బెల్టు లోపలికెళ్ళి తాగారా?" అన్నారు నాన్నగారు.

తిరుగు ప్రయాణంలో ఆనందపురం దాటేదాకా నేను మాట్లాడలేదు. ఆ నీలం రంగు కళ్ళలోనే ఉంది. నేనొక్కణ్ణే వెళ్ళి ఉంటే ఆ టీ కథ నమ్మేవాణ్ణి. నమ్మడమే కాదు, ఏ హోటల్లో టీ అని అడిగేవాణ్ణి.

ఆ వారం ఇంట్లో కారు మాట ఎవరూ ఎత్తలేదు. మామ్మ మాత్రం గుంటడికి పెళ్ళి సేసీండ్రా, కారు గోల అదే పోద్ది అని ఒక తీర్మానం పెట్టింది. ఆశ్చర్యంగా గట్టున పడేసింది అమ్మే. బ్యాంకు లాకరు అద్దె కట్టాల్సిన రోజు వచ్చింది. లోపల అమ్మ పెళ్ళినాటి కాసులపేరు ఉంది. నాకు ఊహ తెలిశాక అది ఆవిడ మెడలో ఎప్పుడూ చూడలేదు. అద్దె దండగ అని నాన్నగారు ఏటా అనే మాటే అన్నారు. పెట్టుకోని నగకి అద్దె ఏమిటని. అమ్మ పోపు వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"పెట్టుకోడానికేటి? ఉందంటే చాలదా?" ఒక క్షణం ఆగి, "వాడి పికప్పూ అదే. తోలడు. ఉండాలి. కొననియ్యండి."

నా ఇరవై నాలుగేళ్ళ జీవితంలో నన్నింత క్షుణ్ణంగా చదివినవాళ్ళు లేరు. కొంచెం సిగ్గేసింది కూడా. హాట్ హ్యాచ్ ఫిలాసఫీ అంతా నేను రాత్రుళ్ళు ఇంటర్నెట్లో వెతుకుతుంటే, ఆవిడ ఆవాలు చిటపటలాడే లోపల తేల్చేసింది.

చివరికి దొరికింది నరసన్నపేటలో. ఫోర్డ్ ఫీగో, 2016, డీజిలు. తెల్ల రంగు. ఇది హాట్ హ్యాచ్ అని ఎవరితోనైనా అంటే నవ్వుతారు. కానీ కాగితం చూడండి: 1.5 డీజిలు టర్బో, నూరు గుర్రాలు, లాగుడు 215 న్యూటన్ మీటర్లు. ఇంజను 1498 సీసీ. సుంకం గీతకి రెండు సీసీలు ఇవతల, ఇన్సూరెన్సు గీతకీ రెండే ఇవతల. ఆ రెండు సీసీల పొదుపు చూసి నాన్నగారు మొదటిసారి ఒక కారుని గౌరవంగా చూశారు. ధర ఎందుకు తగ్గిందంటే, 2021 సెప్టెంబరులో ఫోర్డు వాళ్ళు మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించారు. సామాన్లూ సర్వీసూ ఇస్తూనే ఉంటామన్నా, జనం భయపడ్డారు. ఓనరు రిటైరైన బ్యాంకు మేనేజరు. ఆయన తర్కం ఆయనది. "కంపెనీ ఎల్లిపోయింది గాని బండి ఎల్లదేటి?"

నాన్నగారు బెల్టు మొదలంటా లాగారు. శుభ్రం. తిత్లీ రోజున కారు హైదరాబాదులో కూతురింట్లో ఉందని ఆయన టోల్ రసీదు తీసి చూపించారు. అలాంటి రసీదులు దాచుకునే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరున్నారని తెలిసి మా నాన్నగారి మొహం వెలిగిపోయింది. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక కూడా పెన్షన్ల గురించి మాట్లాడుకుంటూ ఉండిపోయారు.

ట్రయల్ బావ నడిపాడు. నేను పక్కన. మడపాం వైపు హైవే ఎక్కాక మూడో గేరులో ఆయన ఒకసారి నొక్కాడు. టర్బో అందుకునేదాకా ఏమీ లేదు, అందుకున్నాక నా తల వెనక్కి వెళ్ళిపోయింది. బావ మొహంలో పెళ్ళికి ముందు ఫోటోల్లో ఉన్న నవ్వొకటి వచ్చింది. నేను పైన ఉన్న పిడి పట్టుకున్నాను. నాలుగు వరుసల హైవే మీద కార్లకి గరిష్ఠం వంద అని గుర్తుచేశాను. ఇప్పుడు ఎనభై ఐదే ఉంది అన్నాడు బావ.

కొని ఇంటికి తెచ్చాం. అసలు కష్టం అప్పుడు మొదలైంది. నాకు కావలసింది పికప్ ఉన్న కారని కదా ఇన్నాళ్ళూ అనుకున్నాను. నాకు పికప్ ఉందని ఊరికి తెలియాలి, కావలసింది అది. ఈ తెల్ల ఫీగోని చూసి ఎవడికి తెలుస్తుంది? ఏడురోడ్ల జంక్షన్లో సిగ్నల్ దగ్గర పక్కన స్విఫ్టువాడు కనీసం తల తిప్పి చూడడు. ఆర్టీసీ కాంప్లెక్సు ముందు అప్ప బస్సు కోసం ఆపి కూర్చుంటే, ఒకాయన వెనక తలుపు తీసి, సంచీ లోపల పెట్టి, సర్దుకుని కూర్చుని, "పలాస ఎంత?" అన్నాడు. కిరాయి బండి కాదండీ అన్నాను. "అయితే టెక్కలి?" అన్నాడు. ఇది నూరు గుర్రాల బండండీ అని కూడా చెప్పాను. "అయితే బేగి పోద్ది, పోనీ," అన్నాడు.

ఫ్యాక్టరీలో అడిగినవాడికీ అడగనివాడికీ 215 న్యూటన్ మీటర్ల గురించి చెప్పాను. నాతో క్యాంటీన్లో కూర్చునేవాళ్ళు తగ్గారు. మామ్మకి కూడా చెప్పాను. ఆవిడ వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడి కథ అందుకుంది. రెండు చేతులకీ గొలుసులతో రెండు కార్లు కట్టించుకుని, రెండూ చెరోవైపు లాగుతుంటే కదలకుండా నిలబెట్టిన మనిషి, మనూరి స్టేడియానికి పేరు ఆయనదే అని. "కారు ఆపినోడికి పేరొచ్చిందిరా. తోలినోడి పేరు ఎవుడికైనా తెలుసేటి?"

వెనక అద్దం మీద నేను ఏదో చిన్న ఎర్ర స్టిక్కరు వేయిద్దామనుకునేలోపు నాన్నగారు ఆ అద్దం నిండా శ్రీ సూర్యనారాయణ స్వామి ప్రసన్న అని పసుపు అక్షరాలతో వేయించుకొచ్చారు. ముందు నిమ్మకాయా మిరపకాయలూ అమ్మ కట్టింది. ఇక నా బండికి ఉన్న గుర్రాల సంగతి ఆ స్వామికీ ఆయన ఏడు గుర్రాలకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఒకటి మాత్రం ఇంట్లో చెప్పలేదు. విశాఖలో ఒకతను కంప్యూటరు పెట్టి రీమ్యాప్ చేస్తే ఈ ఇంజను నూట ముప్ఫై గుర్రాలిస్తుందన్నాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సంగతి, 2019లో సుప్రీంకోర్టు బండి రూపం మార్చకూడదన్న సంగతి, ఇన్సూరెన్సువాడికి తెలిస్తే క్లెయిము ఎగ్గొట్టే సంగతి అన్నీ నాకు కంఠతా వచ్చు. చేయించను. రేటు మాత్రం కనుక్కున్నాను, అడ్వాన్సు ఎంతో కూడా కనుక్కున్నాను. నాన్నగారు పత్రికలో లెక్కల పజిలు తప్ప ఏమీ చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. బావా, నువ్వు చదువుతావని తెలుసు. అప్పకి చూపించకు. ఆ విశాఖ అతనికి రెండో నంబరు నీదే ఇచ్చాను.